టీచర్ మా వాడిని ‘రౌడీ’ అని రాసింది. ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం ఏమిటి?

ఫ్రిస్కో_శ్రావణి
మా బాబు రెండో తరగతి. నిన్న సాయంత్రం స్కూల్ యాప్‌లో వాళ్ల టీచర్ మెసేజ్ పెట్టింది: ‘హి వాజ్ ఎ లిటిల్ రౌడీ ఎట్ లంచ్ టుడే. వుయ్ టాక్డ్ అబౌట్ ఇట్.’ అంతే. ఏం చేశాడో రాయలేదు. వాడిని అడిగితే ‘బల్ల మీద డ్రమ్స్ వాయించాం, అందరం అరిచాం’ అంటున్నాడు.

ఇంట్లో మాత్రం పెద్ద రభస అయింది. మా మామయ్యగారు నరసరావుపేట నుంచి వచ్చి ఉన్నారు. ఆ మెసేజ్ ముందు ఆయన కంటే పడింది. ‘ఏడేళ్ల పసివాడిని పట్టుకుని రౌడీ అంటారా? రేపు ఇదే మాట వాడి కాగితాల మీద రాస్తే ఎవరు చెరుపుతారు?’ అని రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా వారు ప్రిన్సిపాల్‌కు మెయిల్ టైపు చేసి పెట్టుకున్నారు, నేనే ఆపాను. నాకు తెలిసినంతవరకు ఇక్కడ ఈ మాటను అంత సీరియస్‌గా వాడరు. కానీ గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆఫీసులో అమెరికన్లను అడగాలంటే మొహమాటం.

ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు చెప్పండి. రౌడీ అంటే గోల చేసేవాడనా, కొట్టేవాడనా? ఇది పిల్లాడి రికార్డులోకి ఎక్కే మాటేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బుల్లోడు
రౌడీ అంటే రౌడీయే కదండీ. డాలస్‌లో ఒక అర్థం, బెజవాడలో ఒక అర్థం ఉంటుందా?

తెనాలి_మాస్టారు
ఉంటుంది. అమ్మాయికి వచ్చిన ఇబ్బందంతా అక్కడే.

మనం రౌడీ అనే మాటను మనిషికి పేరుగా తెచ్చుకున్నాం. అంటే నామవాచకం. ఆ టీచరమ్మ వాడింది విశేషణం. ‘ఎ లిటిల్’ అనే ముక్క దగ్గర జాగ్రత్తగా చూడండి. ‘హి వాజ్ ఎ లిటిల్ టైర్డ్’ అంటే వాడు కాస్త అలసిపోయాడని. ‘హి వాజ్ ఎ లిటిల్ రౌడీ’ కూడా అంతే, కాస్త గోల చేశాడని. మన చెవికి మాత్రం ‘వాడొక చిన్న రౌడీ’ అని వినిపిస్తుంది. మామయ్యగారికి అలాగే వినిపించి ఉంటుంది, ఆయన బాధపడటంలో వింత లేదు.

విశేషణంగా దీని అర్థం ఇదీ: గట్టిగా అరుస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ, చెప్పిన మాట వినే స్థితిలో లేకుండా ఉండటం. ఇందులో శబ్దం ముఖ్యం. గొంతు పెంచకుండా కుర్చీలో కూర్చుని స్థలాల సెటిల్‌మెంట్లు చేసేవాడిని మన ఊళ్లో పెద్ద రౌడీ అంటాం. ఇంగ్లీషు విశేషణం అతనికి అసలు అతకదు. క్రికెట్ స్టేడియంలో ఈలలు వేసే గుంపుకి, బస్సులో కేకలు పెట్టే పిల్లలకి, తాగి పాటలు పాడే పెళ్లి బృందానికి చక్కగా అతుకుతుంది.

మాట పుట్టింది అమెరికాలోనే, 19వ శతాబ్దం మొదట్లో. అప్పుడది నామవాచకమే: ఊళ్లకు దూరంగా అడవి అంచుల్లో ఉంటూ చట్టాన్ని లెక్కచేయని మొరటు మనిషి. విశేషణం ఆ వెనకే వచ్చింది. మూలం ఏమిటన్నది నిఘంటువులు కచ్చితంగా తేల్చలేదు. గొడవ అనే అర్థం ఉన్న ‘రౌ’ అనే మాట నుంచి వచ్చి ఉండవచ్చంటాయి. ఆర్, ఓ, డబ్ల్యూ అని మూడక్షరాలే. వరస అనే అర్థంలో ‘రో’ అని పలకాలి, గొడవ అనే అర్థంలో ‘కౌ’తో ప్రాస కలిసేలా ‘రౌ’ అని పలకాలి. పోనుపోను అక్కడ విశేషణానికి వాడుక పెరిగి, నామవాచకం వెనకబడింది. మన దగ్గర సరిగ్గా తిరగబడింది. నామవాచకం ఒక్కటే బతికి బట్టకట్టింది.

బెజవాడ_బుల్లోడు
అయితే రౌడీయిజం మన వాళ్లు కల్పించిన మాటా మాస్టారూ?

తెనాలి_మాస్టారు
కాదు నాయనా. రౌడీయిజం కూడా 19వ శతాబ్దపు ఇంగ్లీషులో ఉన్నదే, నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. మనం కట్టుకున్నవి రౌడీమూక, రౌడీవెధవ లాంటివి.

కాపెల్_పద్మజ
శ్రావణీ, నేను డాలస్ దగ్గరే ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ ఎయిడ్‌గా చేస్తున్నాను. రోజూ లంచ్ డ్యూటీ నాదే. మీరు కెఫెటీరియా ఒక్కసారి చూస్తే ఆ మెసేజ్ మీకు వేరేగా కనిపిస్తుంది. ఒకేసారి నాలుగైదు క్లాసుల పిల్లలు, ప్లాస్టిక్ ట్రేలు, సిమెంటు గోడలు, పైకప్పు ఎత్తు. ఒక బల్ల దగ్గర మొదలైన దరువు పక్క బల్లకు పాకుతుంది. అప్పుడు మేము చెయ్యి పైకి ఎత్తి నిలబడతాం. చూసిన పిల్లలు తామూ చెయ్యి ఎత్తి నోరు మూయాలి, అదీ రూలు. అలా ఎత్తినా ఆగని బల్లని మేము మాటల్లో ‘రౌడీ టేబుల్’ అనే అంటాం. ఆ బల్ల దగ్గర ఎంత మంచి పిల్లలున్నా సరే.

ఇక్కడి టీచర్లు మాటలు కొలిచి రాస్తారు. ‘చాటీ’ అంటే కబుర్లు ఎక్కువ. ‘సిల్లీ’ అంటే కోతి వేషాలు. ‘రౌడీ’ అంటే వాటి మీద ఒక మెట్టు, గోల, తోపులాట. ఇంతవరకు మామూలే. ‘డిస్‌రప్టివ్’ అని రాశారంటే క్లాసు ఆగిపోయిందని, అక్కడి నుంచి శ్రద్ధ పెట్టాలి. ‘అన్‌సేఫ్’, ‘ఫిజికల్’, ‘అగ్రెసివ్’ అని వచ్చాయంటే ఎవరికో దెబ్బ తగిలింది లేదా తగలబోయింది. అలాంటివి యాప్‌లో రెండు ముక్కల్లో తేల్చరు, ఫోన్ వస్తుంది. ‘వుయ్ టాక్డ్ అబౌట్ ఇట్’ అని రాసిందంటే అక్కడితో అయిపోయిందని అర్థం.

ఫ్రిస్కో_శ్రావణి
పద్మజగారూ, ఊపిరి పీల్చుకున్నాను. ఆ మెట్ల వరస మా వారికి చదివి వినిపిస్తున్నాను. రికార్డు సంగతి కూడా చెప్పండి.

కాపెల్_పద్మజ
టెక్సాస్‌లో ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ స్టూడెంట్ కోడ్ ఆఫ్ కాండక్ట్ ఉండాలని రాష్ట్ర చట్టమే చెబుతుంది. మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. దాని ప్రకారం చర్య తీసుకుంటే ఆఫీస్ రెఫరల్, అంటే స్కూల్ ఆఫీసుకు పంపే ఫిర్యాదు కాగితం, రాస్తారు, మీకు తెలియజేస్తారు. యాప్‌లో టీచర్ పంపిన చిన్న ముక్క రెఫరల్ కాదు.

అయినా అనుమానం ఉంటే రికార్డు చూపించమని అడిగే హక్కు మీకుంది. ఫెర్పా అని 1974 నాటి ఫెడరల్ చట్టం. తల్లిదండ్రులు అడిగితే 45 రోజుల్లోపు పిల్లల ఎడ్యుకేషన్ రికార్డులు చూపించాలి. తప్పుంటే దిద్దమని అడగవచ్చు కూడా.

లీడ్స్_లలిత
అందరూ ‘ఏమీ లేదు, తేలిక మాట’ అని తేల్చేస్తున్నారు. నాకు అలా అనిపించదు. ఇంగ్లాండులో పోలీసులు యాంటీ సోషల్ బిహేవియర్ కింద ఫిర్యాదులు తీసుకునే రకాల్లో ‘రౌడీ ఆర్ ఇన్‌కన్సిడరేట్ బిహేవియర్’ అని ఒకటి ఉంది. వీధిలో తాగి కేకలు వేయడం, కొట్టుకోవడం, జనాన్ని భయపెట్టడం అందులోకే వస్తాయి. శనివారం రాత్రి సిటీ సెంటర్‌లో బస్సు కోసం నిలబడితే ఆ మాట విలువ తెలుస్తుంది. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకి ‘రౌడీ గ్రూప్’ అంటే నవ్వులాట కాదు.

కాపెల్_పద్మజ
లలితగారూ, పెద్దవాళ్ల గుంపు గురించి అన్నప్పుడు మీరు చెప్పింది నిజమే. ఏడేళ్ల పిల్లాడి లంచ్ గురించి అన్నప్పుడు ఆ బరువు ఉండదు. ఎవరి గురించి అంటున్నామన్నది చూడాలి.

లీడ్స్_లలిత
ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషులో ఈ మాట మెచ్చుకోలు మాత్రం కాదు. పిల్లాడికి ఆ సంగతి చెప్పాలి. లంచ్ రూమ్‌లో ఆ హోరుకి చెవులు మూసుకుని కూర్చునే పిల్లలు కూడా ఉంటారు.

కాపెల్_పద్మజ
ఉంటారు. మా స్కూల్లో ఒక పాప హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తింటుంది. ఈ మాట మీరు అన్నందుకు సంతోషం.

రిటైర్డ్_హెడ్డు_గుంటూరు
నేను పోలీసు శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. శ్రావణమ్మ మామగారు ఎందుకు అంతలా కలవరపడ్డారో నాకు అర్థమైంది. మన దగ్గర రౌడీ అనేది తిట్టు మాత్రమే కాదు, స్టేషన్‌లో అది ఒక రిజిస్టరు.

ఆంధ్రప్రదేశ్ పోలీసు మాన్యువల్‌లో 601వ ఆర్డరు రౌడీల గురించే. అలవాటుగా శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలు చేసేవాళ్లు, ఆడపిల్లలను అలవాటుగా వేధించేవాళ్లు, బెదిరించి మామూళ్లు వసూలు చేసేవాళ్లు, ఇలా ఎవరెవరి మీద షీటు తెరవవచ్చో అందులో ఉంటుంది. ఎస్సై తన ఇష్టానికి తెరవకూడదు, సబ్‌డివిజన్ అధికారి స్థాయి ఆదేశం కావాలి. ‘అలవాటుగా’ అన్న మాట దాంట్లో ప్రాణం. ఒక్క కేసు చూపించి అలవాటు అనకూడదని హైకోర్టు ఎన్నోసార్లు షీట్లు కొట్టేసింది.

షీటు తెరిచాక దాని బాధ వేరు. ఎన్నికలొస్తే బైండోవర్. ఇదివరకు సీఆర్‌పీసీ 107, 110 సెక్షన్లు, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అవే 126, 129. తహశీల్దారు ముందు నిలబడి పూచీకత్తు రాయాలి. పండగలొస్తే కౌన్సెలింగ్ అని స్టేషన్‌కు పిలుస్తారు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వెళ్లినప్పుడు మేము ముందు చూసేది ఆ రిజిస్టరే. అందుకని పల్నాడు వైపు పెద్దవాళ్లకి ‘రౌడీ అని రాశారు’ అంటే గుండె ఆగినంత పని అవుతుంది. ‘అన్నారు’ వేరు, ‘రాశారు’ వేరు.

ఫ్రిస్కో_శ్రావణి
హెడ్డుగారూ, మీరు చూసినట్టే చెప్పారు. మామయ్యగారి పెదనాన్న కొడుకు మీద పొలం గట్టు తగాదాలో కేసు పెట్టి, ఆ తర్వాత షీటు తెరిచారట. ఎన్నికలప్పుడల్లా ఆయన్ని పిలిపించేవాళ్లు. కూతురి సంబంధాలకు కూడా అదే అడ్డం వచ్చిందట. మీ పోస్టు ఆయనకు చదివి వినిపించాక ఈ సంగతి చెప్పారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

కోనసీమ_కొబ్బరాకు
అంతగా భయపడాల్సిన మాట కాదనే నేనంటాను. మా అమ్మమ్మ నన్ను ‘రౌడీ పిల్ల’ అనే పిలిచేది. చెట్టెక్కినా, తమ్ముడిని కొట్టినా, పెరట్లో బిందెలు మోగించినా ‘ఒసేయ్ రౌడీ పిల్లా, దిగు’ అని. అందులో కోపం కంటే ముద్దే ఎక్కువ. అంటే మన తెలుగులో కూడా ఆ టీచర్ చెప్పిన అర్థం ఉన్నట్టే కదా.

ఓరుగల్లు_సంధ్య
అమ్మమ్మ అన్నది ముద్దుకు. అమ్మమ్మ కాకుండా పక్కింటాయన అదే మాట అంటే ఊకుంటమా?

కోనసీమ_కొబ్బరాకు
ఊరుకోం. నిజమే.

ప్లేనో_కిరణ్
అసలు శ్రావణిగారు ఉండే ఊరికే ఒక రౌడీ ఉన్నాడు. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ మస్కట్ పేరు రౌడీ. పెద్ద టోపీ పెట్టుకుని పిల్లలతో ఫొటోలు దిగుతాడు. ఆ టీమ్ హెడ్‌క్వార్టర్స్ ఫ్రిస్కోలోనే, ‘ది స్టార్’ అనే చోట, 2016 నుంచి. మామయ్యగారిని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లండి. శాన్ ఆంటోనియోలో టెక్సాస్ యూనివర్సిటీ టీమ్ మస్కట్ కూడా రౌడీయే, అది ఒక రోడ్‌రన్నర్ పిట్ట.

బెజవాడ_బుల్లోడు
డబ్ల్యూడబ్ల్యూఎఫ్ రెజ్లింగ్‌లో రౌడీ రాడీ పైపర్‌ని మర్చిపోయారు. స్కాటిష్ గౌను లాంటిది కట్టుకుని వచ్చేవాడు. ట్రంప్ కార్డులు ఆడుకున్న వాళ్లందరికీ తెలుసు.

ప్లేనో_కిరణ్
దాన్ని కిల్ట్ అంటారు బ్రో. అలాగే రౌడీ గెయిన్స్ అని ఈతగాడు, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు. ఇప్పుడు టీవీలో ఈత పోటీలకు వ్యాఖ్యానం చెబుతాడు. ఇక్కడ జనం ఇష్టంగా పెట్టుకునే ముద్దుపేరు ఇది.

ఓరుగల్లు_సంధ్య
ఇంత చర్చ ఎందుకు, మా దిక్కు దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది. లొల్లి. ‘లంచ్‌ల పోరగాండ్లు లొల్లి చేసిండ్రు.’ లొల్లి అంటే చప్పుడూ అదే, కొట్లాటా అదే. మాస్టారు చెప్పిన ‘రౌ’ అనే మాటకు కూడా లొల్లే అర్థం. ‘రౌ ఓవర్ వాటర్ షేరింగ్’ అంటే నీళ్ల లొల్లి.

తెనాలి_మాస్టారు
సంధ్యమ్మా, ఎంత బాగా పట్టుకున్నావు. కోస్తాలో మేము గోల ఒకచోట, గొడవ ఒకచోట వాడతాం. రెండూ కలిసిన మాట మీ దగ్గరే ఉంది. మీరు లొల్లి, మేము గోల, రెండూ పిల్లలకు వాడతాం, పెద్దలకూ వాడతాం.

సబ్‌డెస్క్_రాత్రి_డ్యూటీ
లొల్లి సరే, ‘అల్లరి’ని ఎవరూ తలుచుకోలేదేం? పేపర్ డెస్క్‌లో పనిచేసేవాళ్లం రోజూ ఈ మాటతో కుస్తీ పడతాం. చూడండి:

‘పిల్లాడు అల్లరి చేశాడు’ అంటే తల్లి నవ్వుకుంటుంది. అదే బహువచనంలో ‘అల్లర్లు జరిగాయి’ అంటే నిషేధాజ్ఞలు, కర్ఫ్యూ, బస్సుల దహనం. ‘అల్లరి పిల్లలు’ అంటే ముద్దు. ‘అల్లరి మూక’ అంటే లాఠీచార్జి. ‘అల్లరి పెట్టడం’ అంటే నలుగురిలో పరువు తీయడం. ‘అల్లరిపాలయ్యాడు’ అంటే పరువు పోయినవాడు. ఒకే మాట, పక్కన ఏది చేరితే దాని రంగు.

ఇంగ్లీషు రౌడీ కూడా సరిగ్గా ఇలాగే నడుస్తోంది. లంచ్ టేబుల్ పక్కన చేరితే అల్లరి పిల్లలు. శనివారం రాత్రి తాగిన గుంపు పక్కన చేరితే అల్లరి మూక. కాబట్టి పద్మజగారూ, లలితగారూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. నేనైతే ఆ మెసేజ్‌ను ‘ఈ రోజు లంచ్‌లో కాస్త అల్లరి చేశాడు, మాట్లాడాం’ అని తెలుగు చేస్తాను. ఒక్క అక్షరం అటూ ఇటూ పోదు.

ఫ్రిస్కో_శ్రావణి
ఇదే కావలసింది! ఈ వాక్యం మామయ్యగారికి ఇప్పుడే చూపించాను. ‘అల్లరి చేశాడని ముందే చెప్పొచ్చుగా’ అన్నారు.

లీడ్స్_లలిత
అల్లరి పోలిక చాలా బాగుంది. ఇక నా అభ్యంతరం లేదు.

న్యూజెర్సీ_నాన్న
నాది ఉంది. అర్థం తేలికైనా, ఎవరిని అంటున్నారో చూడాలి. ఆ బల్ల దగ్గర అరిచిన పిల్లలందరి ఇళ్లకూ అదే మెసేజ్ వెళ్లిందా? మన పిల్లాడికే వెళ్లిందా? గోల నలుగురూ చేస్తే పేరు ఒకడికి రావడం నేను ఇక్కడ చూశాను. ఒకసారి టీచర్ మనసులో ‘వీడు రౌడీ’ అని పడితే తర్వాత ఎక్కడ చప్పుడైనా ముందు వాడి వైపే చూస్తారు. అర్థం తెలిసింది కదా అని ఊరుకోవద్దు, అడగండి.

కాపెల్_పద్మజ
అడగడంలో తప్పు లేదు, కానీ ప్రిన్సిపాల్ దగ్గర మొదలుపెట్టవద్దు. టీచర్‌కు ఉత్తరాలు రాసే ఓపిక ఉన్నందుకే మనకు తెలిసింది. మొదటి మెయిలే పైకి వెళ్తే ఆవిడ ఇక ఏమీ రాయదు.

న్యూజెర్సీ_నాన్న
టీచర్‌నే అడగమంటున్నాను. మర్యాదగా, కానీ అడగాలి. ‘థాంక్స్ ఫర్ లెటింగ్ అస్ నో. కుడ్ యూ టెల్ అస్ వాట్ హాపెన్డ్, సో వుయ్ కెన్ టాక్ టు హిమ్?’ చాలు. ‘రౌడీ’ అనే మాట మీద వాదన వద్దు. ఏం జరిగిందన్నదే ముఖ్యం. పిల్లాడి తరఫున అడిగేవాళ్లు ఉన్నారని కూడా తెలుస్తుంది.

రిటైర్డ్_హెడ్డు_గుంటూరు
ఈయన చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. బిరుదు రాయకూడదు, జరిగింది రాయాలి. మేము జనరల్ డైరీ రాసేటప్పుడు కూడా కొత్త కానిస్టేబుళ్లకు ఇదే చెప్పేవాడిని. ‘రౌడీలా ప్రవర్తించాడు’ అని రాస్తే కోర్టులో నిలవదు. ఏ టైముకు, ఎక్కడ, ఎవరిని ఏమన్నాడో రాస్తే నిలుస్తుంది.

ఐబీపీఎస్_ఆశావహుడు
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. కోచింగ్ మెటీరియల్‌లో రౌడీకి సమానార్థకాలు బాయిస్టరస్, రాకస్, అన్‌రూలీ, అబ్‌స్ట్రెపరస్ అని ఒకే వరసలో ఇచ్చారు. అన్నీ ఒకటేనా? మాక్ టెస్టులో రెండు ఆప్షన్లు కరెక్ట్ అనిపించి ప్రతిసారీ మార్కు పోతోంది.

తెనాలి_మాస్టారు
ఒకటి కావు. ఒకే కుటుంబం, స్వభావాలు వేరు.

బాయిస్టరస్: సంబరం ఎక్కువై వచ్చే గోల. చెడు ఉద్దేశం ఉండదు. పెళ్లింట్లో పిల్లల పరుగులు, కజిన్స్ అందరూ చేరినప్పుడు వచ్చే కేరింతలు బాయిస్టరస్. ఆ పిల్లలే పందిరి గుంజ పట్టుకు ఊగి, వద్దన్నా వినకుండా ప్లేట్లు విసరడం మొదలుపెడితే రౌడీ.

రాకస్: ఇది మనిషి తీరు కంటే ధ్వని తీరు చెప్పే మాట. లాటిన్‌లో రాకుస్ అంటే బొంగురు. గరుకుగా, చెవిని గీరినట్టుండే శబ్దం. కాకుల గుంపు అరుపు రాకస్, కానీ కాకులను రౌడీ అనం. తాగినవాళ్ల పగలబడి నవ్వు కూడా రాకస్. మన రాక్షసుడికి దీనికి చుట్టరికం లేదు, కానీ గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తే వాడుకో.

అన్‌రూలీ: ఇందులో శబ్దం ఉండి తీరాలని లేదు. అదుపులో లేకపోవడమే అర్థం. దువ్వెనకు లొంగని జుట్టును అన్‌రూలీ హెయిర్ అంటారు. రౌడీ హెయిర్ అనరు.

అబ్‌స్ట్రెపరస్: లాటిన్‌లో స్ట్రెపెరే అంటే చప్పుడు చేయడం. ఎదురుతిరిగి అరవడం, మొండికేయడం. కాస్త గ్రాంథికం, మాటల్లో తక్కువ. డాక్టరు ఇంజెక్షన్ తీస్తే మంచం పట్టుకుని గోల చేసే రోగి అబ్‌స్ట్రెపరస్.

ఆప్షన్లలో రెండు దగ్గరగా ఉంటే వాక్యంలో ముందు శబ్దం ఉందా చూడు. తర్వాత ఆ గోల సంతోషంతోనా, ఎదురుతిరిగా చూడు. అప్పుడు ఒకటే మిగులుతుంది.

ఐబీపీఎస్_ఆశావహుడు
మెటీరియల్ పక్కన పెట్టి ఇదే నోట్స్‌లో రాసుకున్నాను మాస్టారూ. అన్‌రూలీ అంటే గుర్తొచ్చింది, విమానాల్లో ‘అన్‌రూలీ పాసెంజర్’ అంటారు కదా?

శంషాబాద్_గ్రౌండ్‌స్టాఫ్
అవును, అది మా రోజువారీ మాట. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధనల్లో మూడు స్థాయిలున్నాయి. మాటలతో, సైగలతో గొడవ అయితే మొదటిది, మూడు నెలల వరకు విమానం ఎక్కనివ్వరు. తోయడం, కొట్టడం, అసభ్యంగా తాకడం రెండోది, ఆరు నెలల వరకు. ప్రాణాలకు ముప్పు తెచ్చేది మూడోది, కనీసం రెండేళ్లు. అక్కడ రౌడీ అని ఎక్కడా ఉండదు. చడీచప్పుడు లేకుండా టాయ్‌లెట్‌లో సిగరెట్ తాగినవాడు కూడా అన్‌రూలీయే. మాస్టారు చెప్పిన ‘శబ్దం ఉండాలని లేదు’ అన్నది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

బెజవాడ_బుల్లోడు
రౌడీ పార్టీ అంటే గోలగా సాగే విందు అని ఇప్పుడు అర్థమైంది. మరి మన సౌండ్ పార్టీ సంగతేంటి? చప్పుడు ఒక్క ముక్క ఉండదు, డబ్బు మాత్రం దండిగా ఉంటుంది.

సబ్‌డెస్క్_రాత్రి_డ్యూటీ
అది ‘ఫైనాన్షియల్లీ సౌండ్’ నుంచి వచ్చిన సౌండ్. ఈ సౌండ్ అంటే దృఢమైన, నిలకడైన అని. శబ్దానికి చెందిన సౌండ్ వేరే మాట, రాత ఒకటే.

ఓరుగల్లు_సంధ్య
ఒక హీరో తన అభిమానులను ప్రేమగా రౌడీలు అంటడు, మా తమ్ముడు టీషర్టు మీద కూడా అదే రాసుకొని తిరుగుతడు. అంటే మనదగ్గర కూడా మాట మెత్తబడుతున్నట్టేనా?

రిటైర్డ్_హెడ్డు_గుంటూరు
టీషర్టు మీద మెత్తబడిందమ్మా. స్టేషన్ రిజిస్టరులో మెత్తబడలేదు. ఆ రిజిస్టరు ఉన్నన్నాళ్లు ఆ మాటకు రెండు ముఖాలు ఉంటాయి.

ఫ్రిస్కో_శ్రావణి
టీచర్ జవాబు ఇచ్చింది. నలుగురు పిల్లలు ట్రేలు తిరగేసి దరువు వేశారట, ఆగమన్నా ఆగలేదట. మిగతా ముగ్గురి ఇళ్లకూ అదే మెసేజ్ వెళ్లింది. ఎవరికీ దెబ్బలు లేవు, రెఫరల్ లేదు. ఒక రోజు విడివిడిగా కూర్చోబెట్టింది. మన భాషలో ఈ మాటకు ఉన్న బరువు గురించి నేను రెండు వాక్యాలు రాశాను. ‘నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్’ అంది. న్యూజెర్సీ_నాన్న గారు చెప్పినట్టు అడగడమే మంచిదైంది. లలితగారు అన్న హెడ్‌ఫోన్స్ పాప విషయం బాబుకు చెప్పాను, వాళ్ల క్లాసులోనూ అలాంటి అబ్బాయి ఉన్నాడట.

న్యూజెర్సీ_నాన్న
నలుగురికీ వెళ్లిందంటే నాకూ తృప్తి. ఇది తెలుసుకోవడానికే అడగమన్నాను.

లీడ్స్_లలిత
హెడ్‌ఫోన్స్ పాప గురించి చెప్పింది పద్మజగారు. చెవులు మూసుకునే పిల్లల సంగతి నాది. ఏదైతేనేం, బాబుకు చేరింది.

బెజవాడ_బుల్లోడు
మాస్టారూ, చివరిగా ఒకటి. మన అసెంబ్లీ గురించి ఇంగ్లీషు పేపర్లలో ‘రౌడీ సీన్స్ ఇన్ ది హౌస్’ అని వేస్తారు. అక్కడ ఏ అర్థం?

సబ్‌డెస్క్_రాత్రి_డ్యూటీ
ఇది నా ఖాతాలోది, నేను చెబుతాను. నినాదాలు, బల్లలు చరచడం, కాగితాలు చించి విసరడం, పోడియం చుట్టుముట్టడం. మేము ‘సభలో గందరగోళం’ అనో ‘సభలో రభస’ అనో వేస్తాం. ‘అల్లర్లు’ అని మాత్రం వేయం, ఊళ్లో ఫోన్లు మోగిపోతాయి.

ఐబీపీఎస్_ఆశావహుడు
ఈ రోజు మాక్‌లో వచ్చిన ప్రశ్న: ‘ది చిల్డ్రన్ వర్ ఇన్ హై స్పిరిట్స్, లాఫింగ్ అండ్ షౌటింగ్ ఆల్ ఈవెనింగ్.’ దీనికి రౌడీ, బాయిస్టరస్ రెండూ ఇచ్చారు. బాయిస్టరస్ పెట్టాను, కరెక్ట్ అని చూపించింది.

తెనాలి_మాస్టారు
భేష్. ‘హై స్పిరిట్స్’ అని ఉంది కాబట్టి అది సంబరం. అదే వాక్యంలో ‘రెఫ్యూజ్డ్ టు స్టాప్’ అని ఉంటే రౌడీ పెట్టు.